ఆగి మళ్లీ మొదలయ్యే కంప్యూటరు: గోడ ప్లగ్గు నుంచి ప్రాసెసర్ దాకా

పని జరుగుతుండగా హఠాత్తుగా తెర నల్లబడి, ఎవరూ మీట నొక్కకుండానే మళ్లీ మొదటి నుంచి మొదలయ్యే కంప్యూటరు తన ఇష్టం వచ్చినట్టు ప్రవర్తిస్తున్నట్టు కనిపిస్తుంది గాని, అటువంటి ప్రతి రీస్టార్టు వెనకా యంత్రంలోని ఏదో ఒక భాగం తీసుకున్న నిర్ణయం ఉంటుంది. ఆ నిర్ణయం తీసుకోగలిగినవి ముఖ్యంగా మూడు: గోడ నుంచి వచ్చే విద్యుత్తును యంత్రానికి తగినట్టు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ పెట్టె, ప్రాసెసరును కనిపెట్టుకుని ఉండే మదర్‌బోర్డు, వీటన్నిటి మీదా నడిచే విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్. ఏ భాగం చెడిపోయిందన్న ప్రశ్నకు ముందు, ఆపినది ఎవరన్న ప్రశ్న వేయాలి. ఈ వరుస తప్పడం వల్లనే మంచి ర్యామ్ చిప్పులు మారిపోతాయి, మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొరియర్ ఎక్కుతాయి, రీస్టార్టు మాత్రం యథాతథంగా ఉండిపోతుంది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో విడిభాగాలు కొని కంప్యూటరు కట్టించుకునేవారికి ఈ వరుస మరింత అవసరం. భాగాలు ఒంగోలు నుంచో విజయవాడ నుంచో, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో, ఆన్‌లైన్ అంగళ్ల నుంచో రావలసిందే. వారంటీ కింద ఒక భాగాన్ని వెనక్కి పంపితే అది తిరిగి వచ్చేదాకా యంత్రం మూలపడుతుంది. పైగా ఇక్కడి విద్యుత్తుకు తనదైన స్వభావం ఒకటి ఉంది కనుక, దాన్ని లెక్కలోకి తీసుకోని పరీక్ష సగం పరీక్షే అవుతుంది.

ముందుగా ఎస్‌ఎంపీఎస్ సంగతి చూడాలి. ఇంటికి వచ్చే 230 వోల్టుల ఏసీ విద్యుత్తును అది 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఇంటెల్ సంస్థ 1995లో రూపొందించిన ఏటీఎక్స్ ప్రమాణాల ప్రకారం ఈ మూడు వోల్టేజీలూ తమ విలువకు ఐదు శాతం అటూ ఇటూ మాత్రమే ఉండవచ్చు. అంటే 12 వోల్టుల తీగ 11.4కు తగ్గరాదు, 12.6కు మించరాదు. వోల్టేజీలన్నీ కుదురుకున్నాక, సెకనులో పదో వంతు నుంచి సగం వరకు ఆగి, ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డుకు ‘పవర్ గుడ్’ అనే ఐదు వోల్టుల సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందేదాకా బోర్డు ప్రాసెసరును కదలనివ్వదు; నడుస్తుండగా ఆ సంకేతం ఒక్క క్షణం పడిపోయినా ప్రాసెసరును వెంటనే రీసెట్‌లో పెడుతుంది, సంకేతం తిరిగి రాగానే మొదటి నుంచి నడిపిస్తుంది. వాడేవారు చూసే ‘దానంతట అదే రీస్టార్టు’ చాలాసార్లు ఇదే. అరకొర వోల్టేజీతో తప్పుడు లెక్కలు వేసి డిస్కులోని ఫైళ్లను పాడుచేసే కంటే ఆగిపోవడమే మేలన్నది ఈ ఏర్పాటులోని ఆలోచన.

ఇంట్లో దీపం కూడా మిణుకుమనకుండా కంప్యూటరు ఒక్కటే ఎలా ఆగుతుందన్న సందేహానికి జవాబు ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటరులో ఉంది. ఏసీ విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది కనుక ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ ఆవృత్తుల్లో ఒకటి లోపించినా యంత్రం నడవడానికి కావలసిన శక్తిని ఆ కెపాసిటరు నిల్వ ఉంచుతుంది. ఉదాహరణకు 330 మైక్రోఫారడ్ల కెపాసిటరు 380 వోల్టుల వద్ద సుమారు 24 జౌళ్ల శక్తిని దాచుకుంటుంది. వోల్టేజీ 300 దాకా పడేలోపు అందులో వాడుకోగలిగేది 9 జౌళ్లు మాత్రమే. కంప్యూటరు 400 వాట్లు లాగుతుంటే ఆ 9 జౌళ్లు 20 మిల్లీసెకన్లకే ఖర్చవుతాయి, 200 వాట్లే లాగుతుంటే 40 మిల్లీసెకన్ల దాకా వస్తాయి. ఒకే రకమైన కరెంటు కోతను టైపు పని చేస్తున్నప్పుడు తట్టుకున్న యంత్రం, ఆట ఆడుతున్నప్పుడు తట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

చవక ఎస్‌ఎంపీఎస్‌లలో పరిస్థితి ఇంకా ఇరుకుగా ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూటు ఉన్న మంచి పెట్టెలు, గోడ వోల్టేజీ కొంత పడినా కెపాసిటరు వోల్టేజీని 380 వద్దనే నిలబెడతాయి. ఆ సర్క్యూటు లేని పెట్టెల్లో కెపాసిటరు వోల్టేజీ గోడ వోల్టేజీతో పాటే పడిపోతుంది: 230 ఉన్నప్పుడు సుమారు 325గా ఉండేది, 180కి తగ్గితే 255 దగ్గరికి వస్తుంది. నిల్వ శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అప్పటికే దాదాపు 39 శాతం శక్తి పోయినట్టే. ఆ స్థితిలో రెప్పపాటులో పదో వంతు అంతరాయం చాలు, పవర్ గుడ్ సంకేతం పడిపోవడానికి.

ఇక ఆ అంతరాయాలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది స్థానిక విషయం. నల్లమల నీడన ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో, కంభం చెరువు వంటి కొద్ది ఆధారాలను మినహాయిస్తే, మిర్చి, బత్తాయి తోటలు మొదలుకొని చాలా సాగు లోతైన బోర్ల మీదనే ఆధారపడుతుంది. అందువల్ల పల్లెల్లోని విద్యుత్ భారంలో మోటార్లదే పెద్ద పాలు. వ్యవసాయ లైన్లకు త్రీ ఫేజ్ సరఫరా కొన్ని నిర్ణీత గంటల్లోనే వస్తుంది కనుక, రైతు పొలానికి పోకుండానే మోటారు వేసే ఆటో స్టార్టర్లు చాలాచోట్ల వాడుకలోకి వచ్చాయి. ఐదు హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లే తీసుకుంటుంది గాని, నేరుగా మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. సరఫరా రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ కొద్ది సెకన్ల తేడాలో ఒక్కసారిగా లేస్తే ఆ లైనులో, దానికి విద్యుత్తునిచ్చే సబ్‌స్టేషనులో వోల్టేజీ కుంగిపోతుంది. వ్యవసాయ లైను వేరుగా, ఊరి లైను వేరుగా ఉన్నచోట ఆ కుంగుబాటు ఇళ్లకు తక్కువగా తగులుతుంది, రెండూ కలిసి ఉన్నచోట పూర్తిగా తగులుతుంది. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల రంపపు మోటార్లు ఉన్న వీధులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. సొంత ఇంట్లోని బోరు మోటారు కూడా తక్కువదేమీ కాదు. మేడ మీది ట్యాంకు నింపడానికి మీట వేసిన క్షణమే కంప్యూటరు ఆగుతుంటే, ఇంటి వైరింగులోనో మీటరు దగ్గరి జాయింటులోనో లోపం ఉందని అనుమానించాలి.

మోటారో ఇస్త్రీపెట్టో వేసినప్పుడు ఇంట్లో దీపాలు మందగిస్తే, వైరు మీద భారం పెరిగి వోల్టేజీ పడిందని అర్థం. అలా కాక, కొన్ని దీపాలు మందగించి మరికొన్ని ప్రకాశవంతమైతే, లేదా ఫ్యాను ఉన్నట్టుండి వేగం పుంజుకుంటే, ఎక్కడో న్యూట్రల్ తీగ వదులైందని అనుమానించాలి. న్యూట్రల్ పూర్తిగా తెగితే ఒక ఇంటికి 230కి బదులు 400 దరిదాపుల దాకా రావచ్చు, అప్పుడు కాలిపోయేది కంప్యూటరు ఒక్కటే కాదు. అటువంటి లక్షణం కనబడగానే మెయిన్ ఆపి లైన్‌మ్యాన్‌కు కబురు పెట్టవలసిందే. ఇది ఇంట్లో స్క్రూడ్రైవరుతో సరిచేసుకునే పని కాదు.

కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి పెట్టుకున్న ఇన్వర్టరే కొన్ని ఇళ్లలో రీస్టార్టుకు కారణమవుతుంది. ఇళ్లలో ఉండే ఇన్వర్టర్ల వెనక సాధారణంగా ‘యూపీఎస్’, ‘నార్మల్’ అని రెండు స్థానాలున్న చిన్న మీట ఉంటుంది. యూపీఎస్ స్థానంలో ఉన్నప్పుడు కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి పది మిల్లీసెకన్ల వరకు పడుతుంది. నార్మల్ స్థానంలో ఆ వ్యవధి అంతకు కొన్ని రెట్లు పెరుగుతుంది. ఫ్యాన్లకు, దీపాలకు ఆ తేడా తెలియదు, కెపాసిటరులో 20 మిల్లీసెకన్ల నిల్వ మాత్రమే ఉన్న కంప్యూటరుకు తెలుస్తుంది. వోల్టేజీ తరచుగా 180 దిగువకు పడే ఊళ్లలో ఎలక్ట్రీషియన్లు ఆ మీటను నార్మల్‌లో పెట్టి వెళ్లడానికి కారణం లేకపోలేదు: యూపీఎస్ స్థానంలో ఇన్వర్టరు తక్కువ వోల్టేజీని ఒప్పుకోక మాటిమాటికీ బ్యాటరీకి మారుతూ, బ్యాటరీని ఖాళీ చేస్తుంది. ఒక తరహా ఇబ్బందిని తప్పించబోయి మరొకటి తెచ్చిపెట్టిన ఏర్పాటు ఇది. నిండైన సైన్ అలకు బదులు మెట్లు మెట్లుగా ఉండే చదరపు అలనిచ్చే పాత ఇన్వర్టర్లతో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు సరిగా పొసగవన్నది కూడా గమనించదగినది. కంప్యూటరు కోసం విడిగా కొనే 600 వీఏ యూపీఎస్ నిజానికి 360 వాట్ల దరిదాపుల్లోనే భారం మోస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రానికి దాన్ని తగిలిస్తే, అవసరమైన క్షణంలోనే అది చేతులెత్తేస్తుంది.

ఫ్రిజ్జుకు వాడే స్టెబిలైజరును కంప్యూటరుకు తగిలించడం వల్ల ఉపకారం కంటే అపకారమే ఎక్కువ. అందులోని రిలేలు వోల్టేజీని సరిచేయడానికి ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు మారినప్పుడల్లా సరఫరా కొన్ని మిల్లీసెకన్లు తెగుతుంది. 100 నుంచి 240 వోల్టుల వరకు దేనితోనైనా పనిచేయగల ఎస్‌ఎంపీఎస్ ఉన్నవారికి దాని అవసరమే లేదు.

బయటి కరెంటు దోషమా, పెట్టెలోని దోషమా అన్నది తేల్చడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. సైన్ అల ఇచ్చే ఇన్వర్టరు ఉన్న ఇంట్లో, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మెయిన్ ఆపి, ఇన్వర్టరు మోయగలిగినంత పని మాత్రమే పెట్టి కంప్యూటరును కొంతసేపు బ్యాటరీ మీదనే నడపాలి. ఆ సమయంలో బయటి లైనుతో యంత్రానికి సంబంధమే ఉండదు కాబట్టి, అప్పుడు కూడా రీస్టార్టు అయితే వీధి ట్రాన్స్‌ఫార్మరును నిందించి లాభం లేదు. బ్యాటరీ మీద గంటల తరబడి కుదురుగా నడిచి, లైను మీదికి రాగానే ఆగుతుంటే దర్యాప్తు గోడ వైపు సాగాలి. దీనితో పాటు రీస్టార్టు అయిన సమయాలను ఒక కాగితం మీద రాసుకుంటే, అవి త్రీ ఫేజ్ వచ్చే వేళలతో కలుస్తున్నాయో లేదో రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది.

లోపలి దోషమని తేలినప్పుడు, యంత్రం ఎలా ఆగిందన్నదే మొదటి సాక్ష్యం. పూర్తిగా ఆగిపోయి, ముందరి మీట నొక్కినా చలనం లేక, గోడ స్విచ్ ఆపి కాసేపాగి వేస్తేనే మళ్లీ లేస్తే, అధిక కరెంటునో షార్ట్‌నో గుర్తించి ఎస్‌ఎంపీఎస్ తనను తాను బంధించుకుందని చెప్పవచ్చు. ఆగిపోయి, కాసేపటికి మీట నొక్కితే మామూలుగా లేచి, మళ్లీ కొద్ది నిమిషాలకే ఆగుతుంటే ప్రాసెసరు వేడిని చూడాలి. నీలి తెర మీద ఏదో సందేశం మెరిసి రీస్టార్టు అయితే, ఆపినది విండోస్. అప్పుడు విద్యుత్తు మీద కంటే ర్యామ్, డ్రైవర్ల మీద అనుమానం పెట్టాలి. ఆ సందేశం చదివే వీలు కలగాలంటే విండోస్ సెట్టింగుల్లో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ అన్న గడిని ఖాళీ చేయాలి.

విండోస్ తన దినచర్యను ఈవెంట్ వ్యూయర్‌లో రాసుకుంటుంది. అక్కడ ‘కెర్నెల్ పవర్ 41’ అన్న నమోదు కనబడగానే ఎస్‌ఎంపీఎస్ పోయిందని తీర్పు చెప్పేవారు చాలామంది ఉన్నారు గాని, ఆ తీర్పుకు ఆధారం లేదు. కిందటిసారి యంత్రం పద్ధతిగా మూతపడలేదని, మళ్లీ లేచిన తరువాత విండోస్ గమనించి రాసుకున్న మాట అది; ఎందుకు మూతపడలేదో దానికీ తెలియదు. ఆ నమోదు వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నాగా ఉంటే విండోస్‌కు చెప్పుకునే వ్యవధి కూడా దొరకలేదని, సున్నా కాకపోతే నీలి తెర వచ్చిందని గ్రహించవచ్చు. దానికి పక్కనే ‘డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్’ నమోదులు ఉంటే, ప్రాసెసరో మరో హార్డ్‌వేర్ భాగమో తప్పును పట్టుకుని ఫిర్యాదు చేసిందని అర్థం.

కొత్తగా కట్టిన యంత్రాల్లో లోపం తరచుగా భాగాల్లో కాక కూర్పులో ఉంటుంది. మదర్‌బోర్డును క్యాబినెట్‌కు ఎత్తుగా నిలబెట్టే ఇత్తడి స్తంభాల్లో ఒకటి, బోర్డుకు రంధ్రం లేని చోట మిగిలిపోతే, బోర్డు వెనక టంకం చుక్కలను అది తాకుతుంది. యంత్రం రోజుల తరబడి నడిచి, క్యాబినెట్‌ను జరిపినప్పుడో టేబుల్ కదిలినప్పుడో ఆగుతుంది. ప్రాసెసరుకు విడిగా విద్యుత్తునిచ్చే ఎనిమిది పిన్నుల కనెక్టరు బోర్డు పై మూలన ఇరుకులో ఉండటం వల్ల సగమే దిగి ఉండవచ్చు. కొక్కెం టక్కుమని పడిన చప్పుడు వినిపించేదాకా నొక్కాలి. క్యాబినెట్ ముందరి రీసెట్ మీట నాసిరకమైతే తనంతట తానే అతుక్కుని రీసెట్ చేస్తుంది. దాని రెండు తీగలను బోర్డు నుంచి ఊడదీసి ఒకరోజు నడిపితే ఆ సందేహం పైసా ఖర్చు లేకుండా తీరుతుంది. కూలరు అడుగున అంటించిన పలుచని ప్లాస్టిక్ పొరను తీయకుండానే బిగించడం వినడానికి నవ్వు తెప్పించినా, అరుదైన విషయం కాదు. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది, ఒక కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు మరొక కంపెనీ ఊడదీసే కేబుళ్లను తగిలించడం: బోర్డు వైపు కొస ఒకే రకంగా ఉన్నా పెట్టె వైపు పిన్నుల వరుస కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి, ఐదు వోల్టులు వెళ్లవలసిన చోటికి 12 వోల్టులు వెళ్లి డిస్కులు మాడిపోతాయి.

ర్యామ్‌కు డబ్బా మీద రాసిన వేగం ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే అమరికను మదర్‌బోర్డు అమరికలుండే బయోస్‌లో ఆన్ చేస్తేనే వస్తుంది. నిజానికి అది ఓవర్‌క్లాకింగే, అంటే ప్రామాణిక వేగానికి మించి నడపడమే. దాన్ని ఆపి చూడటం, తరువాత చిప్పులను ఒక్కొక్కటిగా పెట్టి, మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షను రాత్రంతా నడపడం ఖర్చు లేని పనులు. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులు మొదటిసారి వేసినప్పుడు చాలా నిమిషాలు తెర వెలిగించకుండా, ఒకటి రెండుసార్లు వాటంతట అవే రీస్టార్టు అవుతూ ర్యామ్‌ను సరిచూసుకుంటాయి. దాన్ని లోపమనుకుని మధ్యలో ప్లగ్గు పీకకూడదు.

భారీ పనిలోనే ఆగిపోయే యంత్రానికి వాట్ల లెక్క చూడాలి, అయితే సగటు లెక్క చాలదు. గ్రాఫిక్స్ కార్డులు కొన్ని మైక్రోసెకన్ల పాటు తమ సగటుకు రెట్టింపు దాకా లాగుతాయని తేలడం వల్లనే, 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెండింతల కుదుపును వంద మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని నిర్దేశించింది. మామూలు మల్టీమీటరు ఇంత చిన్న కుదుపును పట్టుకోలేదు. పసుపు తీగకు, నల్ల తీగకు మధ్య అది 12.1 చూపిస్తున్నంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి అని తేలదు, 11.3 చూపిస్తే మాత్రం దోషి అని తేలినట్టే. దీనికి పూర్తి విరుద్ధంగా, ఏ పనీ లేనప్పుడే ఆగే యంత్రాలు కూడా ఉన్నాయి. ప్రాసెసరు గాఢనిద్రలోకి జారి విద్యుత్ వాడకాన్ని దాదాపు నిలిపివేసినప్పుడు అంత తక్కువ భారం వద్ద కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు కుదురుగా ఉండలేవు. ఏఎండీ రైజెన్ బోర్డుల బయోస్‌లో ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ అన్న అమరిక ఉన్నది ఇందుకే.

వేసవిలో ఈ ప్రాంతపు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. రైజెన్ ప్రాసెసర్లు చాలావరకు 95 డిగ్రీల వద్ద, ఇంటెల్‌వి 100 డిగ్రీల వద్ద తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి, అయినా వేడి పెరుగుతూ పోతే యంత్రం ఆగిపోతుంది. రేకుల కప్పు గదిలో, దుమ్ము పట్టిన ఫ్యాన్లతో ఆ హద్దుకు చేరడానికి ఎక్కువసేపు పట్టదు. రాతి పొడి గాలిలో ఉండే చోట ఫిల్టర్లను నెలకోసారైనా దులపాలి.

ప్రతి లోపాన్నీ ఊరి కరెంటు మీదికో, కట్టినవాడి చేతి మీదికో నెట్టడం కూడా సరికాదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ప్రపంచమంతటా అకారణంగా ఆగిపోతుండగా, ప్రాసెసరు అవసరానికి మించిన వోల్టేజీని అడుగుతోందని ఆ సంస్థే 2024లో ఒప్పుకుని, ఆ ఆగస్టులో బయోస్ ద్వారా అందే మైక్రోకోడ్ సవరణను విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అందుకే బయోస్‌ను తాజాపరచకుండా భాగాలు మార్చడం మొదలుపెట్టకూడదు.

రీస్టార్టు మాట అటుంచి, భద్రత కోసం ఎర్తింగ్ సంగతి ఈ నేల మీద ప్రత్యేకంగా చెప్పుకోవాలి. క్యాబినెట్‌ను వేలితో తాకితే జివ్వుమనడం, టెస్టరు వెలగడం చాలా ఇళ్లలో కనిపించేదే. విద్యుత్ గోలను వడపోసేందుకు ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు పెట్టె లోహానికి కలుపుతారు. మూడో పిన్నుకు ఎర్త్ అందకపోతే ఆ లోహం సరఫరాలో సగం, అంటే సుమారు 115 వోల్టుల వద్ద తేలుతుంది. కరెంటు అతి స్వల్పం కనుక ఈ ఒక్క కారణంతో ప్రాణానికి ముప్పు రాదు గాని, నిజంగా ఫేజ్ తీగే లోహానికి తగిలిన రోజున కాపాడవలసిన దారి లేదన్న సంగతిని అది చెబుతుంది. మార్కాపురం పలకరాయి విద్యుత్తును ప్రవహించనివ్వని జాతిది. అటువంటి రాయిని ఒకప్పుడు విదేశాల్లో స్విచ్‌బోర్డుల పలకలుగా వాడింది ఆ గుణం చూసే. అదే గుణం ఎర్త్ గుంతకు శత్రువు. రాతి పొర మీద పలుచగా ఉన్న ఎండిన మట్టిలో దిగగొట్టిన కడ్డీ పేరుకే ఎర్త్. బొగ్గు, ఉప్పు వేసి లోతుగా తీసిన గుంతకు వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలి.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎవరూ విప్పకూడదు, ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటరు 300 వోల్టులకు పైగా నిల్వ ఉంచుకోగలదు. కొనేముందు దాని పక్కనున్న చీటీ మీద ఇన్‌పుట్ 100–240 అని ఉందో, 200–240 అనే ఉందో చూసుకోవాలి. రెండో రకం ఈ ప్రాంతానికి పనికిరాదు. ఇళ్లకిచ్చే వోల్టేజీ 230కి ఆరు శాతం మించి అటూ ఇటూ కాకూడదని, అంటే 216కు తగ్గకుండా 244కు మించకుండా ఉండాలని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే చెప్పాయి. ప్లగ్గు దగ్గర మల్టీమీటరు అంతకంటే తక్కువ చూపిస్తున్నవారు రీస్టార్టు వేళలతో పాటు ఆ అంకెలను కూడా రాసుకుని, 1912 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి.